అసలు – నకలు: సర్వరు నుండి బ్రౌజరునకు సమాచారము

'అసలు', 'నకలు' అను మాటలు ఉర్దూ నుండి వచ్చి తెలుగులో స్థిరపడినవి. రిజిస్ట్రేషను కార్యాలయమున అసలు దస్త్రము కదలదు. కోరినవారికి నకలు మాత్రమే ఇత్తురు. వెబ్ అప్లికేషనుల నిర్మాణమునకును ఈ పద్ధతియే క్షేమకరమని మేము తలంచుచున్నాము.

డేటాబేసు పట్టికలో ప్రతి విద్యార్థికి ఒక వరుస యుండును. సర్వరులోని ప్రోగ్రాము ఆ వరుసను ఒక ఆబ్జెక్టుగా మలచుకొనును. దీనినే 'ఎంటిటీ' యందురు. జావాలో హైబర్నేట్, డాట్‌నెట్‌లో ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ ఇట్టి పనిని చేయుచున్నవి. బ్రౌజరు వేరొక యంత్రముపై నుండును గనుక, సమాచారమును సాధారణముగా జేసన్ అను పాఠ్యరూపమునకు మార్చి పంపుదురు.

ఎంటిటీని యథాతథముగా పంపినచో రెండు ప్రమాదములు గలవు. మొదటిది పోవునప్పటిది. పుటలో పేరు, మార్కులు మాత్రమే చూపినను, వాటితోపాటు తండ్రి ఆదాయము, బ్యాంకు ఖాతా సంఖ్య కూడ బ్రౌజరునకు చేరును. తెరపై కనిపించకున్నను, బ్రౌజరులోని పరిశీలన సాధనములతో వాటిని ఎవరైనను చదువవచ్చును.

రెండవది తిరిగి వచ్చునప్పటిది. వచ్చిన ప్రతి అంశమును సర్వరు గ్రుడ్డిగా ఎంటిటీలో నింపినచో, చిరునామా మార్చుకొన వచ్చినవాడు మార్కులను సయితము మార్చుకొనగలడు. దీనికి 'మాస్ అసైన్‌మెంట్' అని పేరు. 2012 మార్చిలో ఒక పరిశోధకుడు గిట్‌హబ్‌లోని ఇట్టి లోపము ద్వారా రైల్స్ ప్రాజెక్టునకు తన తాళపుచెవిని జతచేసి, అనుమతి లేకయే అందులో మార్పు చేసి చూపెను. ఓవాస్ప్ సంస్థ 2019లో ప్రకటించిన ఏపీఐ భద్రతా ప్రమాదముల జాబితాలో ఈ రెండును వేర్వేరుగా నున్నవి. 2023లో వాటిని ఒకే శీర్షిక క్రిందికి తెచ్చిరి.

దీనికి నివారణ నకలే. మార్టిన్ ఫౌలర్ 2002లో వెలువరించిన గ్రంథమున 'డేటా ట్రాన్స్‌ఫర్ ఆబ్జెక్ట్' అను పద్ధతిని వివరించెను. దూరపు యంత్రమును పలుమారులు పిలువనక్కర లేకుండ, కావలసిన సమాచారమునంతయు ఒకేసారి పంపుట దాని తొలి ప్రయోజనము. నేడు అదియే రక్షణకును ఉపకరించుచున్నది. పుటకు అవసరమైన అంశములు మాత్రమే గల నకలు పంపవలెను. చిరునామా మార్పునకు చిరునామా మాత్రమే గల వేరొక నకలు స్వీకరింపవలెను. పిమ్మట సర్వరు అసలును తానే డేటాబేసు నుండి తెచ్చి, కోరిన వానికి అధికారము కలదో లేదో విచారించి, ఆ ఒక్క అంశమునే సవరింపవలెను.

నకలుతో వెర్షను సంఖ్యను కూడ పంపుట మేలు. ఇరువురు గుమాస్తాలు ఒకే వరుసను దిద్దుచుండగా, రెండవవాని సంఖ్య పాతబడినచో సర్వరు దానిని నిరాకరించును. మొదటివాని సవరణ చెడిపోదు.

ప్రతి పనికి ఒక నకలును నిర్మించుట వృథా శ్రమ యని కొందరందురు. చిన్న ప్రోగ్రాములలో ఆ మాటకు కొంత బలము కలదు. కాని రేపు మన విద్యార్థులే ఉపకారవేతనముల ప్రోగ్రాములు వ్రాయుదురు. ఆ పట్టికలోని ప్రతి వరుస ఒక పేద కుటుంబపు గుట్టు. దానిని కాపాడుటకు నాలుగు పంక్తులు అధికముగా వ్రాయుట భారము కాదని మా విన్నపము.