ధాన్యపు కొట్టులో విషవాయువు: కొలతలు తెలిసికొను విధము

ధాన్యమునకు పట్టిన పురుగును చంపుటకు అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలను వాడుదురు. గాలిలోని తేమ తగిలినంతనే ఈ బిళ్ళల నుండి ఫాస్ఫీన్ అను విషవాయువు వెలువడును. ఇది పురుగునే కాదు, మనిషిని కూడ చంపును. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. కావున కొట్టులో అడుగిడుటకు ముందు గాలిలో ఈ వాయువు ఎంత ఉన్నదో తెలియవలెను.

ఈ కొలతను రెండు విధములుగా వ్రాయుదురు. పది లక్షల పాళ్ళ గాలిలో వాయువు ఎన్ని పాళ్ళో చెప్పునది పి.పి.ఎం. ఒక ఘనపు మీటరు గాలిలో వాయువు ఎన్ని మిల్లీగ్రాముల బరువో చెప్పునది రెండవది. కుంచెడు వడ్లును, కుంచెడు ఊకయు కొలతకు ఒకటే, తూకమునకు వేరు. వాయువుల సంగతియు ఇట్టిదే.

25 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో, సాధారణ వాయుపీడనమున, అణుభారమెంతో అన్ని గ్రాముల వాయువు 24.45 లీటర్ల చోటు ఆక్రమించును. కావున లెక్క యిది:

మిల్లీగ్రాములు = పి.పి.ఎం. × అణుభారము ÷ 24.45
పి.పి.ఎం. = మిల్లీగ్రాములు × 24.45 ÷ అణుభారము

ఫాస్ఫీన్ అణుభారము 34. అమెరికా దేశపు వృత్తి భద్రతా సంస్థ 8 గంటల పనికి విధించిన సగటు హద్దు 0.3 పి.పి.ఎం. దీనిని 34తో హెచ్చించి 24.45తో భాగించినచో సుమారు 0.4 మిల్లీగ్రాములు వచ్చును. ఇంతకంటె కఠినమైన హద్దులును కలవు.

పొరపాటు ఎచ్చట జరుగునో చూడుడు. కాగితముపై హద్దు 0.4 మిల్లీగ్రాములని ఉన్నది. పరికరము 0.4 పి.పి.ఎం. చూపినది. రెండును ఒకటే యని లోనికి పోయినవాడు 0.56 మిల్లీగ్రాముల గాలిని పీల్చును. అనగా హద్దు దాటినాడు.

ఇక ఒక్క బిళ్ళ శక్తిని లెక్కింతము. 3 గ్రాముల బిళ్ళ 1 గ్రాము, అనగా 1,000 మిల్లీగ్రాముల ఫాస్ఫీన్ నిచ్చును. గది పొడవు 4, వెడల్పు 4, ఎత్తు 2.5 మీటర్లయినచో 40 ఘనపు మీటర్ల చోటు. వాయువంతయు అందే నిలిచినచో ఘనపు మీటరుకు 25 మిల్లీగ్రాములు. అనగా సుమారు 18 పి.పి.ఎం. పై హద్దుకు ఇది 60 రెట్లు! ఇట్టి బిళ్ళలు మూడు వేసినచో 54 పి.పి.ఎం. అగును. 50 పి.పి.ఎం. వెంటనే ప్రాణాపాయకరమని అమెరికా నిపుణులు నిర్ణయించిరి.

అణుభారము మారినచో లెక్కయు మారును. కోళ్ళ షెడ్లలో పుట్టు అమ్మోనియా అణుభారము 17. దాని 25 పి.పి.ఎం. సుమారు 17.4 మిల్లీగ్రాములకు సమానము. ఒక వాయువు లెక్కను మరొకదానికి వాడరాదు.

వెల్లుల్లి వాసన రాలేదని ధైర్యపడి లోనికి పోవద్దు. ముక్కు నమ్మదగిన కొలబద్ద కాదు. ఈ బిళ్ళల వాడకముపై మన దేశమున ఆంక్షలు కలవు. అనుమతి గల నిపుణులచేతనే పని చేయించుడు. ఇంటిలోగాని, మనుషులు పండుకొను గదిని ఆనుకొనియున్న కొట్టులోగాని వీనిని వేయనీయకుడు. పని ముగిసిన పిదప తలుపులన్నియు తెరిపించి, పరికరముతో కొలిపించి, అంకె ప్రక్కన ఏ కొలత వ్రాసియున్నదో చదివిన తరువాతనే లోన కాలు పెట్టుడు.