బుజ్జిగాడి పిల్లికూతలు

మిరప కోతల రోజులు. ఊళ్లో ఆడవాళ్లంతా తెల్లారకముందే చేలకు పోతున్నారు. ఆ ఇంటి కోడలు మాత్రం పనికి పోలేదు. నాలుగు నెలల బుజ్జిగాడికి పడిశం పట్టింది.

మొదట ముక్కు కారింది. వాడి అక్క బడి నుంచి తెచ్చిన జలుబే అది. అక్కకు రెండు రోజుల్లో తగ్గిపోయింది. చిన్నోడికీ తగ్గుతుందిలే అనుకున్నారు. తగ్గలేదు. మూడో రోజుకు దగ్గు పెరిగింది. నాలుగో రోజు పొద్దున పాలు పట్టబోతే రెండు గుక్కలు తాగి వదిలేశాడు. మళ్లీ పట్టింది. మళ్లీ వదిలేశాడు. ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా కుయ్ కుయ్‌మని చప్పుడు. పిల్లికూతలంటారే, అవే. పక్కటెముకల కింద డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి.

"డొక్కలెగరేస్తున్నాడే అమ్మాయ్! పొట్ట మీద వాత పెట్టిస్తే పోద్ది. నీ మొగుడికీ చిన్నప్పుడు అట్టాగే పెట్టించాం" అంది అత్త.

"ఉండత్తయ్యా. ముందు ఊపిరి లెక్కపెట్టనీ" అంది కోడలు.

రాత్రి చదువుల కేంద్రంలో ఆమె గడియారం చూడటం నేర్చుకుంది. ఒకరోజు ఆశా కార్యకర్త వచ్చి పసిపిల్లల ఊపిరి ఎట్టా లెక్కపెట్టాలో చూపించింది. ఆ రోజు అందరూ నవ్వారు. ఊపిరి కూడా లెక్కపెడతారా అని.

కోడలు బుజ్జిగాడి చొక్కా పైకెత్తింది. వాడు ఏడవకుండా ఊరుకున్నదాకా ఆగింది. గోడ గడియారంలో సన్నముల్లు 12 మీదకు రాగానే మొదలుపెట్టింది. పొట్ట ఒకసారి లేచి పడితే ఒకటి. ముల్లు ఒక చుట్టు తిరిగి మళ్లీ 12 మీదకు వచ్చేసరికి 68 అయ్యాయి.

"అరవై ఎనిమిది!" అంది. వాడి వయసుకు యాభై దాటకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయించింది.

ఈ లెక్క ప్రతి తల్లీ గుర్తుపెట్టుకోవాలి. రాసి గోడకు అతికించుకున్నా మంచిదే.

రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే అది వేగంగా ఊపిరి తీసుకోవటం.
రెండు నెలలు నిండి ఏడాది లోపు బిడ్డకు 50 గానీ అంతకన్నా ఎక్కువ గానీ.
ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు 40 గానీ అంతకన్నా ఎక్కువ గానీ.

బిడ్డ నిదరపోతున్నప్పుడో, ఊరికే పడుకున్నప్పుడో లెక్కపెట్టాలి. ఏడుస్తున్నప్పుడు లెక్క తప్పుతుంది. ఊపిరి వేగంగా ఉంటే ఆసుపత్రిలో చూపించాలి. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోయినా, మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, పెదాలు నీలంగా మారినా లెక్క కోసం కూడా ఆగకూడదు. అప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా తీసుకుపోవాలి.

ఆసుపత్రిలో బుజ్జిగాడికి ఆక్సిజన్ పెట్టారు. ముక్కులో సన్న గొట్టం వేసి, తల్లి పిండిన పాలు దాని గుండా పోశారు. వాడి తండ్రి ఆగలేకపోయాడు. "ఒక్క ఇంజెక్షన్ వెయ్యండి డాక్టరుగారూ. మా ఊళ్లో ఆరెంపీ అయితే ఈపాటికి రెండు వేసేవాడు" అన్నాడు.

డాక్టరమ్మ కోప్పడలేదు. "ఇది వైరస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చింది. యాంటీబయాటిక్ ఇంజెక్షన్లకు వైరస్ చావదు. ఊపిరి ఆడేటట్టు చూడాలి, పాలు అందేటట్టు చూడాలి. మిగతాది వాడి ఒళ్లే చూసుకుంటుంది" అంది.

ఈ వైరస్‌లలో ముఖ్యమైన దాన్ని ఆర్.ఎస్.వి. అంటారు. దీన్ని 1956లో కనిపెట్టారు. రెండేళ్లు నిండేలోపు దాదాపు పిల్లలందరికీ ఇది ఒకసారైనా సోకుతుంది. ఎక్కువమందికి మామూలు జలుబులాగా వచ్చి పోతుంది. కొద్దిమంది పసివాళ్లకు మాత్రం ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, మరీ చిన్న పసికందులకు ప్రమాదం ఎక్కువ.

ఎందుకని? ఇది అర్థం కావాలంటే మిరపచేను గుర్తు తెచ్చుకోండి. మోటారు దగ్గర పెద్ద గొట్టం ఉంటుంది. దానిలోపల కొంచెం పాచి పట్టినా నీళ్లు పారతాయి. అదే పాచి సన్నని డ్రిప్పు గొట్టంలో పడితే? మొక్కకు చుక్క నీరు అందదు. మన ఊపిరితిత్తుల్లో కూడా గాలి పోయే గొట్టాలు కొమ్మలు, రెమ్మలుగా చీలుతూ సన్నబడతాయి. పసిబిడ్డకు ఆ చివరి గొట్టాలు మరీ సన్నం. వైరస్ వల్ల అవి లోపల వాస్తాయి, తెమడ నిండుతుంది. గాలి ఇరుకున పడి కూత పెడుతుంది. అక్కకు జలుబు, తమ్ముడికి ప్రాణం మీదికి.

ఐదు రోజులకు బుజ్జిగాడు కోలుకున్నాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ తల్లిని పక్కన కూచోబెట్టుకుంది.

"ఈ గండం గడిచింది. కానీ ఇంత గట్టిగా వచ్చిన పిల్లలకు కొందరికి తర్వాత ఆయాసం తిరగబెడుతూ ఉంటుంది. కొందరికి ఉబ్బసంగా నిలిచిపోతుంది. వీడికి వస్తుందని చెప్పటం లేదు. కనిపెట్టి ఉండమంటున్నా. దగ్గినప్పుడల్లా ఒక పుస్తకంలో రాసిపెట్టు."

"నాకు రాత కొత్తమ్మా. తప్పులు పోతాయి."

"పోనీ. తారీఖు, రెండు మాటలు. నాకు అర్థమైతే చాలు."

డాక్టరమ్మ ఊరికే చెప్పిన మాట కాదది. స్వీడన్ అని చలిదేశం ఒకటుంది. అక్కడ 1989-90 చలికాలంలో ఆర్.ఎస్.వి. వల్ల ఆసుపత్రిలో చేరిన 47 మంది పసిపిల్లలను డాక్టర్లు వదిలిపెట్టకుండా ఏళ్ల తరబడి చూశారు. అట్టా ఆసుపత్రి పాలుకాని 93 మంది పిల్లలనూ చూశారు. పిల్లలకు 18 ఏళ్లు వచ్చాయి. ఆసుపత్రిలో చేరినవాళ్లలో నూటికి 39 మందికి ఉబ్బసమో, మాటిమాటికి పిల్లికూతలో ఉన్నాయి. మిగతావాళ్లలో నూటికి 9 మందికే ఉన్నాయి.

తేడా పెద్దదే. అయినా ఇంకో వైపు నుంచి చూడండి. నూటిలో 39 తీసేస్తే 61. అంటే ఎక్కువమంది బాగానే ఉన్నారు. భయపడి కూలబడాల్సిన పని లేదు. అట్టాగని మరిచిపోవటానికీ లేదు.

వైరస్సే ఊపిరితిత్తులను దెబ్బతీసిందా? లేక పుట్టుకతోనే గొట్టాలు నాజూకుగా ఉన్న పిల్లలకే జబ్బు గట్టిగా వచ్చిందా? దీని మీద పెద్ద పెద్ద డాక్టర్లు ఇంకా వాదించుకుంటున్నారు. రెండూ ఉండొచ్చు. తల్లికి కావలసింది మాత్రం ఒకటే. ఆ గొట్టాలను ఇంకా రేపే వాటిని దూరం పెట్టటం.

అన్నిటికన్నా ముందుది పొగ.

ఆ ఇంట్లో గ్యాసు ఉంది. కానీ బండ తొందరగా అయిపోతుందని నీళ్లు కట్టెల పొయ్యి మీదే కాచేవాళ్లు. పొయ్యి వసారాలోనే. సాయంత్రం దోమల చుట్ట వెలిగించేవాళ్లు. తండ్రి మంచం మీద కూచుని బీడీ కాల్చేవాడు. ఇక నీళ్లు పోసే అవ్వ వస్తే బుజ్జిగాడికి ముక్కులో ఆముదం చుక్కలు, ఒళ్లు తుడిచాక సాంబ్రాణి పొగ.

పొయ్యిని పెరట్లోకి మార్చారు. దోమల చుట్ట బదులు దోమతెర కట్టారు. ముక్కులో నూనె వద్దని అవ్వకు చెప్పారు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే నిమ్ము చేస్తుంది. బీడీ దగ్గర గొడవయింది. నాలుగు రోజులు మొగుడూ పెళ్లాలకు మాటల్లేవు. ఐదో రోజు నుంచి అతను వీధి చివరకు పోయి కాల్చుకొస్తున్నాడు. మానలేదు. చొక్కాకు పట్టిన వాసన కూడా మంచిది కాదు. బిడ్డను ఎత్తుకునే ముందు చొక్కా మార్చటం మాత్రం అలవాటు చేసుకున్నాడు.

సాంబ్రాణి దగ్గర అత్త అస్సలు ఒప్పుకోలేదు. "పొగ వెయ్యకపోతే బిడ్డకు నిదరెట్టా పడుద్ది? తల తడారొద్దూ?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెది మనవడి మీద ప్రేమే. కోడలు మెత్తని పాతచీర ముక్కతో తల ఆరేదాకా తుడిచి, "ఇదిగో అత్తయ్యా, ఆరింది చూడు" అని ఒళ్లో పడుకోబెట్టింది. వాడు నిదరపోయాడు. మరో వారానికి ఆ గుడ్డ అత్తే తెచ్చి పెట్టింది.

అయినా వానాకాలంలో మళ్లీ కూతలొచ్చాయి. కోడలు రాసింది. అట్టా మూడేళ్లు రాసింది. పుస్తకంలో కొన్ని పేజీలు ఇట్టా ఉన్నాయి:

జూలై 14. జలుబు. రాత్రి కూత. 3 రోజులు.
నవంబరు 2. జలుబు. దగ్గు 8 రోజులు.
ఫిబ్రవరి 20. కల్లంలో మిరపకాయలు ఆరబోశాం. జలుబు లేదు. కూత వచ్చింది.
మార్చి 9. పరుగెత్తాడు. దగ్గు. రాత్రి నిదర లేదు.

నాలుగో ఏడు నడుస్తుండగా, మే నెలలో ఆ పుస్తకం పట్టుకుని డాక్టరమ్మ దగ్గరకు పోయింది. డాక్టరమ్మ పేజీలు తిప్పింది. ఏడాదిలో ఆరు సార్లు. అందులో రెండు సార్లు జలుబు లేకుండానే. దగ్గు రాత్రిళ్లు ఎక్కువ. "వాళ్ల నాన్నకు చిన్నప్పుడు ఆయాసం ఉండేదా?" అని అడిగింది. వాత సంగతి చెప్పింది కోడలు.

"ఇది ఉబ్బసమే" అంది డాక్టరమ్మ. "ఇంత చిన్న వయసులో తేల్చి చెప్పటం కష్టం. జలుబుతో కూత పెట్టే పిల్లలు చాలామందికి ఆరేళ్లు వచ్చేసరికి తగ్గిపోతుంది. జలుబు లేకుండా కూడా వస్తోందంటే అది వేరు. నువ్వు రాయబట్టి తెలిసింది."

పంపు రాసింది. దానికి ఒక డబ్బా, మూతికి పెట్టే మాస్కు. ఒకటి రోజూ రెండు పూటలా వాడేది, వాపు రాకుండా. వేసినాక నోరు పుక్కిలించాలి. ఇంకోటి ఆయాసం వచ్చినప్పుడు వేసేది. రెండోది వేసినా తగ్గకపోతే, బిడ్డ మాట్లాడలేకపోతే వెంటనే ఆసుపత్రికి రావాలని చెప్పింది.

"పంపా? అలవాటు పడితే మానలేరంట గదమ్మా!"

చాలామంది తల్లుల భయం ఇదే. లెక్క చూడండి. ఆయాసానికి వాడే సాల్బుటమాల్ మాత్ర చిన్నది 2 మిల్లీగ్రాములు. పంపు ఒకసారి నొక్కితే వచ్చేది అందులో ఇరవయ్యో వంతు. మాత్ర ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. పంపు మందు నేరుగా అక్కడికే పోతుంది. కొంచెం మందుతో పని అవుతుంది. అలవాటు కాదు.

ఇంటికొచ్చాక అత్త ఇంకో మాట తెచ్చింది. "మృగశిర కార్తె దగ్గరకొచ్చింది. హైదరాబాదు పోయి చేప మందు మింగిద్దాం." ఏటా జూన్‌లో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. వేలమంది పోతారు. అది ఉబ్బసం తగ్గిస్తుందని ఏ పరీక్షలోనూ రుజువు కాలేదు. చిన్నపిల్లలకు బతికున్న చేప గొంతులో అడ్డం పడే ప్రమాదమూ ఉంది. ఎవరి నమ్మకం వాళ్లది అనుకున్నా, పంపు ఆపటం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. "రైలు డబ్బుల్తో ఇంకో పంపు వస్తుంది అత్తయ్యా" అంది కోడలు. ఆ ఏడు పోలేదు.

ఇప్పుడు ఆడబిడ్డ కడుపుతో ఉంది. కోడలు ఆమెకు చెప్పే మాటలు ఇవి. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప ఏమీ పట్టొద్దు. బిడ్డను ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. జలుబు చేసినవాళ్లు బిడ్డను ముద్దుపెట్టుకోవద్దు, మేనమామ అయినా సరే. నెలన్నరకు వేసే టీకాల్లో పెంటావాలెంట్, పి.సి.వి. ఉంటాయి. అవి వేరే రకాల నిమ్మును ఆపుతాయి, ఆర్.ఎస్.వి.ని కాదు. ఆర్.ఎస్.వి. రాకుండా గర్భిణులకు వేసే టీకా 2023 నుంచి కొన్ని దేశాల్లో వచ్చింది. మన ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో అది లేదు. దాని గురించి ఆసుపత్రిలో అడగటంలో తప్పు లేదు.

పుస్తకంలో ఆఖరి పేజీ:

జనవరి 22. కోతలు. కల్లానికి తీసుకుపోలేదు. రెండు పూటలా పంపు వేశాను. కూత లేదు. రాత్రి అందరం నిదరపోయాం.

చేసి చూడండి

1. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో నిదరపోతున్న బిడ్డ ఊపిరి ఒక నిమిషం లెక్కపెట్టండి. బిడ్డ వయసు, వచ్చిన లెక్క రాయండి.
2. మీ ఇంట్లో పొగ ఎక్కడెక్కడ నుంచి వస్తుంది? పేర్లు రాయండి.
3. కోడలు రాసిన నాలుగు తారీఖుల్లో జలుబు మాట లేనివి ఏవి? గుర్తుపెట్టండి.