ఒక పుట – పలు పాఠాలు

పాఠ్యభాగ పరిచయం

ఆధునిక శాస్త్రవిషయాన్ని తెలుగులో వివరించే వ్యాసమిది. ఒకే వెబ్ పుట వేర్వేరు బ్రౌజర్లలో వేర్వేరుగా కనిపించడానికి గల కారణాలను, దానిని సరిదిద్దే పద్ధతులను, ఈ చిక్కు తెలుగు లిపికి తెచ్చిపెట్టిన కష్టాలను ఇందులో చదువుతారు.

పాఠం

అచ్చుయంత్రం రాకపూర్వం ఒక కావ్యానికి ఎన్ని వ్రాతప్రతులుంటే అన్ని రూపాలుండేవి. తాటాకుపై గంటంతో వ్రాసే లేఖకుడు ఒకచోట అక్షరాన్ని జారవిడిచేవాడు, మరొకచోట తనకు తెలిసిన పదాన్ని చేర్చేవాడు. పందొమ్మిదవ శతాబ్దిలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒకే గ్రంథానికి చెందిన పలు ప్రతులను పక్కపక్కన పెట్టించి, పాఠభేదాలను గుర్తింపజేసి శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. ఆ పనిని పాఠపరిష్కరణం అంటాము.

వెబ్ పుటకు వచ్చిన కష్టం దీనికి విపర్యయం. ఇక్కడ మూలప్రతి ఒక్కటే. అది సర్వర్ అనే కంప్యూటరులో చెక్కుచెదరక ఉంటుంది. అయినా హైదరాబాదులో ఒకరికి చక్కగా కనిపించిన పుట అమలాపురంలో మరొకరికి చిందరవందరగా కనిపించవచ్చు. మారినది ప్రతి కాదు, ప్రతిని చదివి మనకు చూపే సాధనం. ఆ సాధనమే బ్రౌజరు. దీనికి ‘విహరిణి’ అనే అందమైన పేరు పెట్టిన వారున్నారు గాని, జనం నోట బ్రౌజరు అన్నమాటే నిలిచింది. మల్లినాథునివంటి వ్యాఖ్యాత శ్లోకాన్ని అన్వయించి చెప్పినట్లు, బ్రౌజరు పుటలోని సంకేతాలను అన్వయించి తెరపై చిత్రిస్తుంది. వ్యాఖ్యాతలు ఏకీభవించనిచోట పాఠకునికి చిక్కు తప్పదు.

ఆ సంకేతాలు ప్రధానంగా రెండు విధాలు. ఏది శీర్షిక, ఏది పేరా, ఏది పట్టిక అని చెప్పేది హెచ్.టి.ఎం.ఎల్. ఆ శీర్షిక ఏ రంగులో, ఎంత పరిమాణంలో, ఏ అంచున ఉండాలో చెప్పేది సి.ఎస్.ఎస్. రెండవదానిని నార్వే దేశీయుడు హోకన్ వియుమ్ లీ 1994 అక్టోబరులో ప్రతిపాదించాడు. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యు3సి సంస్థ 1996 డిసెంబరులో దాని తొలిరూపాన్ని ఆమోదించింది. అప్పటికే నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ సంస్థల నడుమ పోటీ తీవ్రమైంది. ప్రమాణం పూర్తిగా కుదురుకొనకముందే ఎవరికి తోచిన అన్వయం వారు చేసుకొన్నారు. వ్యాకరణం పుట్టేలోగా రెండు మాండలికాలు పాతుకుపోయినట్లయింది.

ఈ భేదాలలో పేరుమోసినది పెట్టె కొలత. పుటలోని ప్రతి అంశాన్నీ బ్రౌజరు ఒక దీర్ఘచతురస్రపు పెట్టెగా భావిస్తుంది. నడుమ విషయం, దాని చుట్టూ లోపలి ఖాళీ, దానికి ఆవల గీత, గీతకు ఆవల వెలుపలి ఖాళీ ఉంటాయి. పెట్టె వెడల్పు 300 పిక్సెళ్లు అని వ్రాస్తే ఆ 300 దేనికి? గది పదడుగులు అన్నప్పుడు గోడ మందం అందులో చేరినదా, లేదా అని మేస్త్రీకి, ఇంటి యజమానికి వచ్చే పేచీ వంటిదే ఇది. ప్రమాణం ప్రకారం 300 విషయానికి మాత్రమే. ఇరువైపులా 20 చొప్పున లోపలి ఖాళీ, 5 చొప్పున గీత ఉంటే పెట్టె మొత్తం 350 అవుతుంది. మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 మాత్రం గోడలతో కలిపి 300 అని లెక్కించేది. అప్పుడు విషయానికి మిగిలేది 250.

యాభై పిక్సెళ్ల తేడాకు ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. 760 పిక్సెళ్ల పుటలో ఎడమవైపు 200, కుడివైపు 560 వెడల్పు గల రెండు నిలువు వరుసలున్నాయనుకొందాం. కుడి వరుసకు ఇరువైపులా 10 చొప్పున లోపలి ఖాళీ ఇచ్చారు. ఎక్స్‌ప్లోరర్ 5 లెక్కలో మొత్తం 760; రెండూ పక్కపక్కనే ఒదుగుతాయి. ప్రమాణబద్ధమైన బ్రౌజరులో కుడి వరుస 580, మొత్తం 780. చోటు చాలక కుడి వరుస జారి, ఎడమ వరుస ముగిసిన తరువాత ఎక్కడో కింద ప్రత్యక్షమవుతుంది. చదివేవానికి పుట సగం ఖాళీగా ఉన్నదనే భ్రమ కలుగుతుంది. చమత్కారమేమంటే, చాలామంది రూపకర్తలకు తప్పు ఎక్స్‌ప్లోరర్‌ది అనిపించేది కాదు. తాము నిత్యం చూసేది అదే కనుక, సరిగా చూపిన బ్రౌజరే చెడ్డదనిపించేది!

2001లో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ 6 ఈ చిక్కుకు ఒక రాజీమార్గాన్ని అవలంబించింది. పుట మొదటి వాక్యంగా ‘డాక్‌టైప్’ అనే ప్రకటన సక్రమంగా ఉంటే కొత్త ప్రమాణాన్ని అనుసరించి లెక్కించేది. లేకుంటే పాత పుట అని భావించి పాత లెక్కకే కట్టుబడేది. దానికి ముందు ఎక్స్.ఎం.ఎల్. ప్రకటన ఒక్కటి చేరినా చాలు, పాత లెక్కలోకే జారిపోయేది. గ్రంథారంభంలోని అవతారికను బట్టి వ్యాఖ్యాత తన పద్ధతిని ఎంచుకొనడం వంటిది ఇది. నేటి బ్రౌజర్లలో సైతం పాత పుటల కోసం ఇటువంటి వేరొక దశ ఉన్నది. కనుక పుట చెదిరినదని తెలియగానే ముందుగా చూడవలసినది ఆ తొలి వాక్యమే.

తరువాతి పని సంకేతాల శుద్ధి. తెరిచిన గుర్తును మూయకుండా విడిచిపెడితే ఒక్కొక్క బ్రౌజరు ఒక్కొక్క విధంగా సర్దుకొంటుంది. దోషం కనిపించకుండానే దాగిపోతుంది. ఆపై, బ్రౌజర్లు ఎవరూ అడగకుండానే ఇచ్చే అంచులను తొలగించి, మనకు కావలసిన కొలతలను మనమే స్పష్టంగా ఇవ్వాలి. అప్పటికీ తప్పు దొరకకపోతే పుటలో సగభాగాన్ని తీసివేసి చూడాలి. దోషం మిగిలితే అది ఉన్న సగంలోనే ఉన్నది. పోతే తీసిన సగంలో ఉన్నది. ఇలా నాలుగైదు మార్లు సగం చేస్తే దోషి ఒంటరిగా దొరుకుతుంది. ఓపిక అవసరమైన పని ఇది, పరిష్కర్త పని వలెనే. ముందు ప్రమాణాన్ని పాటించే బ్రౌజరుకు సరిచేసి, ఆ తరువాతనే పెడదారి పట్టినదానికి ప్రత్యేకమైన మినహాయింపు వ్రాయాలి. ఈ క్రమం తారుమారైతే శ్రమ రెట్టింపవుతుంది.

బ్రౌజరు పేరు అడిగి, పేరును బట్టి పుటను మార్చే పద్ధతిని కొందరు అవలంబించారు. అది నమ్మదగినది కాదు. ఎక్స్‌ప్లోరర్, ఫైర్‌ఫాక్స్, సఫారి, క్రోమ్ – అన్నీ పేరు అడిగినప్పుడు ‘మొజిల్లా’ అనే మొదలుపెట్టాయి. అది నిజానికి నెట్‌స్కేప్ బ్రౌజరు ముద్దుపేరు. నెట్‌స్కేప్‌కు మాత్రమే మంచి పుటలు పంపిన సర్వర్లను ఒప్పించడానికి మిగిలినవి ఆ వేషం వేశాయి. విరాటుని కొలువులో పాండవుల వలె ఎవరు ఎవరో తెలియని స్థితి అది. పేరు అడగడం కంటె ‘ఈ పని నీకు వచ్చునా?’ అని అడగడం మేలు. నేటి సి.ఎస్.ఎస్.లో అలా అడిగే సౌకర్యం ఉన్నది.

ఇంతవరకు చెప్పినది ఏ భాషకైనా సామాన్యం. తెలుగుకు మరికొంత ప్రత్యేకం. తొలినాళ్లలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు తమ సొంత ఫాంట్లను వాడేవి. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల స్థానంలో తెలుగు తలకట్లు, గుడులు, వొత్తుల ముక్కలను కూర్చేవారు. ఫాంటు పుటతోపాటు దానంతటదే దిగివచ్చే ఏర్పాటు ఉండేది గాని, ఎక్స్‌ప్లోరర్‌కు ఒక రకం, నెట్‌స్కేప్‌కు మరొక రకం కావలసివచ్చేది. ఫాంటు అందని బ్రౌజరులో తెలుగు వార్త అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా కనిపించేది. అటువంటి పుటలను యూనికోడ్‌లోకి మార్చి చూపేందుకు ఫైర్‌ఫాక్స్‌కు ‘పద్మ’ అనే అనుబంధం వచ్చింది.

యూనికోడ్‌లో తెలుగుకు 0సి00 మొదలు 0సి7ఎఫ్ వరకు 128 స్థానాలున్నాయి. 2001లో విండోస్ ఎక్స్‌పితో వచ్చిన ‘గౌతమి’ ఫాంటు దానిని ఇంటింటికి చేర్చింది. అయితే యూనికోడ్ దాచేది వర్ణక్రమాన్నే, రూపాన్ని కాదు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాల వరుస. వీటిని చేర్చి పైన దీర్ఘం, కింద రెండు వొత్తులు అమర్చే బాధ్యత తెర వెనుకనున్న సాఫ్ట్‌వేరుది. అది తడబడితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’ అనే అక్షరం నడుమ కంటికి కనిపించని ఒక విభాజక సంకేతం చేరిన వరుసను ప్రదర్శించబోయి ఆపిల్ ఫోన్లలోని అనువర్తనాలు కుప్పకూలాయి. అదే నెల 19న ఆ సంస్థ సవరణ విడుదల చేసింది. జ్ఞానానికి మూలమైన అక్షరమే యంత్రాన్ని మూర్ఛపుచ్చడం విచిత్రం!

నిత్యం కనిపించే దోషం ఇంత నాటకీయమైనది కాదు. ఇంగ్లీషు అక్షరాలను దృష్టిలో ఉంచుకొని పంక్తి ఎత్తును 16 పిక్సెళ్లని బిగిస్తారు. తెలుగులో పై పంక్తి వొత్తులు కింది పంక్తి గుడులను ఢీకొంటాయి; కొన్ని బ్రౌజర్లలో తెగిపోతాయి. పంక్తి ఎత్తును పిక్సెళ్లలో కాక, అక్షర పరిమాణానికి 1.6 రెట్లు, అవసరమైతే అంతకు మించి ఇస్తే ఫాంటు మారినా ఇబ్బంది ఉండదు. బొత్తాల సంగతి ఇంకా గట్టిది. ఇంగ్లీషులో ఒక్క మాటకు సరిపోయేలా కొలిచిన బొత్తంపై ‘దరఖాస్తును సమర్పించండి’ అని వ్రాస్తే రెండవ మాట కిందికి దిగి మాయమవుతుంది, లేదా బొత్తమే మరొక పెట్టె చాటుకు పోతుంది. గడువు చివరిరోజున నెట్ సెంటరులో కూర్చున్న విద్యార్థికి ఇది అలంకార దోషం కాదు, చేజారిన సీటు. బొత్తం కనిపించనివానికి ఆ పుట లేనట్లే.

2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్ శకం ముగిసింది. మైక్రోసాఫ్ట్ కొత్త బ్రౌజరైన ఎడ్జ్ 2020 నుండి క్రోమ్‌కు ఆధారమైన యంత్రాంగంపైనే నడుస్తున్నది. సఫారి, ఫైర్‌ఫాక్స్‌లవి వేరు. బ్రౌజరు సంస్థలే కలిసి భేదాలను తగ్గించుకొనే ప్రయత్నం సాగుతున్నది. ఇక సొంత ఫాంట్ల కాలంలో తెలుగులో వెలువడిన పుటలలో మార్పిడికి నోచుకొననివి నేటి బ్రౌజరులో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గుంపుగానే కనిపిస్తాయి. తెలుగు మాటతో వెదికితే దొరకవు. ఏ సంఖ్య ఏ తెలుగు ముక్కకు గుర్తో తెలిపే పట్టిక ఉంటేనే వాటిని తిరిగి చదవగలము.

అర్థాలు

పాఠభేదం = ఒకే రచన ప్రతులలో కనిపించే తేడా
విపర్యయం = తారుమారు
అన్వయించు = పదాల సంబంధం తెలిపి అర్థం చెప్పు
రాద్ధాంతం = అనవసరమైన పెద్ద చర్చ
అవతారిక = గ్రంథారంభంలోని పరిచయం

ప్రశ్నలు

1. పెట్టె కొలతలో వచ్చిన భేదాన్ని పాఠంలోని లెక్కల ఆధారంగా వివరించండి.
2. 300 పిక్సెళ్ల చోటులో ఒదగవలసిన పెట్టెకు ఇరువైపులా 15 చొప్పున లోపలి ఖాళీ, 2 చొప్పున గీత ఉన్నాయి. ప్రమాణం ప్రకారం వెడల్పు ఎంతని వ్రాయాలి?
3. ‘లక్ష్మి’ అనే పదంలోని సంకేతాలను ‘స్త్రీ’ వలె విడదీసి వ్రాయండి.
4. బ్రౌజరును వ్యాఖ్యాతతో పోల్చడం ఎంతవరకు సమంజసం? చర్చించండి.