ఎర్ర కణం ఎంత మెత్తన?

సికిల్ సెల్ జబ్బున్న పిల్లల తల్లులు మమ్మల్ని తరచుగా ఒక మాట అడుగుతారు. "రక్తం పోయినసారి ఉన్నంతే ఉందన్నారు కదా డాక్టరమ్మా, మరి బిడ్డకు కాళ్ళూ చేతులూ ఇంతగా ఎందుకు నొప్పి పెడుతున్నాయి?" న్యాయమైన ప్రశ్నే. ఆ పరీక్ష హిమోగ్లోబిన్ ఎంతుందో చెబుతుంది గాని, ఎర్ర కణం ఎంత మెత్తగా వంగుతుందో చెప్పదు.

ఎర్ర కణం అడ్డకొలత సుమారు 8 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఎనిమిది. మన ఒంట్లోని అతి సన్నని రక్తనాళాలు అంతకంటే ఇరుకు. ఆరోగ్యమైన కణం ముడుచుకొని అందులో దూరిపోయి, అవతల మళ్ళీ గుండ్రంగా విచ్చుకుంటుంది. సుమారు 120 రోజులు అదే దాని పని. సికిల్ కణం అలా కాదు. ఆక్సిజన్ వదిలాక దాని లోపలి హిమోగ్లోబిన్ పుల్లల్లా పేరుకుంటుంది, కణం కొడవలిలా వంగి బిగుసుకుంటుంది. ఇరుకు నాళంలో అది చిక్కుకుంటే వెనుక వచ్చేవీ ఆగిపోతాయి. రక్తం అందని చోట నొప్పి పుడుతుంది.

ఈ బిగువును కొలవడానికి పరిశోధకులు ఒక చిన్న చిప్ తయారుచేశారు. పారదర్శకమైన సిలికోన్ రబ్బరు ముక్కలో వెంట్రుక కంటే ఎంతో సన్నని కాలువలు ఉంటాయి. రక్తపు చుక్కను పలుచన చేసి వాటిలోకి పంపి, మైక్రోస్కోపుకు అమర్చిన కెమెరాతో చూస్తారు. ఒక్కో కణం ఇరుకు దాటడానికి ఎంతసేపు పట్టింది, ఎంత ఒత్తిడి కావలసి వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది అన్నవే కొలతలు. ఆక్సిజన్ తగ్గించి మళ్ళీ చూడవచ్చు. అప్పుడే సికిల్ కణం అసలు గుణం బయటపడుతుంది.

2003లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఫాల్సిపారం మలేరియా సోకిన కణాలను ఇలాంటి కాలువల్లోకి పంపారు. క్రిమి లోపల పెరిగిన కొద్దీ కణాలు దూరలేకపోయాయి. మన మన్యం కుటుంబాలకు ఈ రెండు జబ్బులూ తెలిసినవే.

ఈ చిప్‌లు ఇప్పటికీ ఎక్కువగా పరిశోధనశాలల్లోనే ఉన్నాయి. ఎవరైనా దీని పేరు చెప్పి డబ్బు అడిగితే ఇవ్వకండి. సికిల్ సెల్ ఉన్నదీ లేనిదీ ఎలక్ట్రోఫోరెసిస్ లేక హెచ్‌పీఎల్‌సీ పరీక్షతో తేలుతుంది.

కణం బిగువును తగ్గించే మందు మాత్రం ఇప్పుడే ఉంది. డాక్టరు రాసిన హైడ్రాక్సీయూరియాను "నొప్పి తగ్గింది కదా" అని మీ అంతట మీరే మానకండి. ఆ మందు వాడేవారు చెప్పిన గడువుకు రక్తపరీక్షకు రావాలి. పిల్లలకు నీళ్ళు బాగా తాగించండి, చలిలో తిరగనీయకండి. జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే తీసుకురండి.