వారాంతపు షికారు మాన్పించాలా?

ప్రశ్న: మావాడు స్కాట్లాండ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. శని, ఆదివారాలు స్నేహితులతో కొండలూ వాగులూ తిరుగుతున్నాడు. మాన్పించాలా? - ఒక తండ్రి, ఆళ్లగడ్డ

జవాబు: మాన్పించొద్దండి, నీళ్ల సంగతి మాత్రం గట్టిగా చెప్పండి. మీ భయం ఉత్తది కాదు. 2024 ఏప్రిల్‌లో అక్కడి లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర, స్నేహితులతో వెళ్లిన ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్లలో పడి చనిపోయారు. నంద్యాల దగ్గర కేసీ కెనాల్‌లో ఈత నేర్చినవాడే కదా అంటారేమో. స్కాట్లాండ్ నీళ్లలో ఈత కన్నా ముందు చలి పనిచేస్తుంది. 15 డిగ్రీల లోపు నీళ్లలో హఠాత్తుగా పడితే ఒళ్లు దానంతటదే ఊపిరి ఎగబీలుస్తుంది. తల మునిగి ఉంటే ఆ పీల్పులోనే నీళ్లు లోపలికి పోతాయి. అడుగున పడ్డ రూపాయి బిళ్ల కూడా కనిపించే మహానంది కోనేరు కాదు అక్కడి వాగు. పడితే మొదట ఈదబోకుండా వెల్లకిలా తేలాలి, ఒడ్డునున్నవాళ్లు దూకకుండా అక్కడి అత్యవసర నంబరు 999కు ఫోన్ చేయాలి. తడి రాళ్ల మీద సెల్ఫీలు అసలే వద్దు.

అప్పు చేసి పంపింది తిరగడానికా అంటారా? టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలకు మించి పనిచేయడానికి విద్యార్థి వీసా ఒప్పుకోదు. ఆ గంటలు నిండాక ఆదివారం గదిలో కూర్చుంటే పైసా పెరగదు. నలుగురూ పులిహోర కట్టుకుని బస్సెక్కితే ఖర్చెంతని? ఎక్కడికి, ఎవరితో, ఎన్నింటికి తిరిగొస్తారో వెళ్లేముందే వాట్సాప్‌లో పెట్టమనండి. గంటగంటకూ ఫోన్ చేయకండి. అహోబిలం కొండ ఎక్కేవాళ్లకు అలా చేస్తామా?