సముద్రపు అడుగున సూక్ష్మశిలాజాలు – ప్రాణవాయువు చరిత్ర

బహ్రెయిన్‌లోని మామీర్ గ్రామానికి చేరువలోనే సిత్రా చమురుశుద్ధి కర్మాగారం ఉన్నది. 1932లో జబల్ దుఖాన్ వద్ద చమురు పడిన తరువాత, 1936లో ఆ కర్మాగారం పని ప్రారంభించినది. ఈ ప్రాంతపు చమురులో చాలా భాగానికి పుట్టినిల్లు సుమారు 15 కోట్ల సంవత్సరాల క్రితపు జురాసిక్ సముద్రం. సాధారణంగా చనిపోయిన జీవులు కుళ్ళి నశిస్తాయి. ప్రాణవాయువు కరవైన అడుగు బురదలో మాత్రం ఆ సేంద్రియ పదార్థం నిలిచిపోయి, భూగర్భపు వేడికి క్రమంగా చమురుగా మారినది. ప్రాచీన సముద్రాలలో ప్రాణవాయువు ఎంత ఉండెనో కొలుచుటకు ఆనాటి నీరు నేడు లేదు. సాక్ష్యం చెప్పగలిగిన వాటిలో ముఖ్యమైనవి సూక్ష్మశిలాజాలు.

వీటిలో ఒక తెగ ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలు. పెక్కు గుల్లలు ఇసుక రేణువంతే ఉంటాయి. సున్నపురాయిలోని కాల్షియం కార్బొనేటే వీటికీ ముడిపదార్థం. జీవి మరణించినా గుల్ల అడుగుమట్టి పొరలలో మిగులుతుంది. ఓడనుండి గొట్టం దింపి ఆ పొరలను తీసి, మట్టిని జల్లెడలో కడిగి, సూక్ష్మదర్శిని క్రింద గుల్లలను ఏరుతారు.

ఇవి మూడు విధాలుగా సాక్ష్యమిస్తాయి. మొదటిది, జాతి. బొలివినా వంటివి ప్రాణవాయువు తక్కువైనా బ్రతుకుతాయి. సిబిసిడాయిడిస్ వంటి వాటికి అది సమృద్ధిగా కావలెను. రెండవది, గుల్లపై రంధ్రాలు. కొన్ని జాతులలో ప్రాణవాయువు తగ్గినకొద్దీ ఇవి పెరుగుతాయి. మూడవది, రసాయనం. ప్రాణవాయువున్న నీటిలో అయొడిన్ అధికంగా అయొడేట్ రూపంలో ఉంటుంది. లేనిచోట అయొడైడ్‌గా మారుతుంది. గుల్ల ఏర్పడేటప్పుడు అందులో చేరేది అయొడేట్ మాత్రమే. కనుక గుల్లలో కాల్షియంతో పోల్చి అయొడిన్ తక్కువైతే, ఆ నీటిలో ప్రాణవాయువు కొరవడినదని ఊహించవచ్చును. అయితే ఆహారం ఎక్కువైనా బొలివినాలు వృద్ధి చెందుతాయి. అందుచేత ఏ ఒక్క సాక్ష్యంతోనూ తీర్పు చెప్పరాదు.

అరేబియా సముద్రంలో నేటికీ సుమారు 200 నుండి 1000 మీటర్ల లోతు వరకు ప్రాణవాయువు అత్యల్పంగా ఉన్న పొర ఉన్నది. నైరుతి ఋతుపవనాల తాకిడికి లోతులోని పోషకాలు పైకి వచ్చి శైవలాలు పెరుగుతాయి; అవి చచ్చి దిగువకు జారి కుళ్ళేటప్పుడు ప్రాణవాయువు ఖర్చవుతుంది. గత హిమయుగపు అడుగుమట్టి చెప్పేదీ ఇదే: ఋతుపవనాలు బలంగా వీచిన కాలాలలో ప్రాణవాయువు తగ్గినది, బలహీనపడిన కాలాలలో పెరిగినది. తెలుగు నేలకు వాన తెచ్చే గాలియే కడలి లోతులలో ఊపిరి తగ్గిస్తున్నదన్నమాట.

బంగాళాఖాతంలోనూ ఇటువంటి పొర ఉన్నది. 1960 తరువాతి అర్ధశతాబ్దంలో ప్రపంచ సముద్రాలు సుమారు 2 శాతం ప్రాణవాయువును కోల్పోయినవి. వేడెక్కిన నీటిలో వాయువు తక్కువగా కరుగుటయే ఇందుకు ఒక కారణం. ఈ పొరలు విస్తరిస్తే చేపలకు నిలువనీడ తగ్గుతుంది. ఆ నష్టం విశాఖ, కాకినాడ జాలరులదీ, గల్ఫ్ తీరపు జాలరులదీ కూడా. పరికరాలతో తీసిన కొలతలు కొన్ని దశాబ్దాలవే. వేల ఏండ్ల లెక్క ఈ గుల్లలలో భద్రంగా ఉన్నది.