మడ అడవిలో కొలువు

అటవీ శాఖలో ఉద్యోగం అనగానే మన కుర్రాళ్ల కళ్ల ముందు నల్లమల కదులుతుంది. దివిసీమలోని నాగాయలంక, కోడూరు పిల్లలకైనా అంతే. వాళ్ల ఊళ్ల పక్కనే 194.81 చదరపు కిలోమీటర్ల కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఉంది. సొర్లగొంది, నాచుగుంట మడ అడవుల్లో చేపలు పట్టి బతికే బావురుపిల్లి ఉంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను పెద్దల నోట విన్నవాళ్లకు కెరటం జోరును విరిచే మడచెట్టు విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఈ అడవి మీద ఒత్తిళ్లు చాలా ఉన్నాయి. మడకు ఉప్పునీరూ మంచినీరూ రెండూ కావాలి. ఎగువన ఆనకట్టలు కట్టాక కృష్ణ నుంచి సముద్రానికి చేరే నీరూ ఒండ్రూ తగ్గాయి. 1990లలో తీరమంతా రొయ్యల చెరువులు లేచాయి. వాటిని కట్టడి చేస్తూ 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. గుల్లలమోదలో క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మేలో శంకుస్థాపన జరిగింది. మరోపక్క పాయల్లో పీతలు పట్టుకుని పొట్టపోసుకునే యానాదులున్నారు. ఎవరి అవసరం వాళ్లది. వాళ్లందరితో మాట్లాడుతూ, చట్టం తప్పకుండా అడవిని నిలబెట్టడమే ఇక్కడి అటవీ ఉద్యోగి పని. నా దృష్టిలో కొండ అడవిలో గస్తీ కన్నా ఇది కష్టమైన కొలువు.

ఒక్క పని చూడండి. చెట్లు నరికిన చోట నేల అణుగుతుంది. పోటు నీరు అక్కడ చేరి, పాటు వేళ వెనక్కి పోలేక, ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. అందులో ఎన్ని మొక్కలు నాటినా బతకవు. అందుకని పాయ నుంచి ఒక పెద్ద కాలువ తీసి, దానికి రెండు పక్కలా చేపముల్లులాగా ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వుతారు. నీరు వచ్చిపోతూ ఉప్పును కడిగేశాక తెల్లమడ నాటుతారు. ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధన సంస్థ అటవీ శాఖతో, ఊరివాళ్లతో కలిసి కృష్ణా, గోదావరి మడ అడవుల్లో ఈ పద్ధతినే అమలు చేసింది. కాలువ ఎంత లోతుండాలి, అమావాస్య పోటు ఎక్కడిదాకా ఎక్కుతుంది అన్నది తెలిస్తేనే ఈ పని కుదురుతుంది. మత్స్యకారుల ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఇందులో సగం చదువు ఇంట్లోనే అబ్బుతుంది.

ఇక దారులు. ఇంటర్ పాసైతే ఏపీపీఎస్సీ ద్వారా బీట్ ఆఫీసర్, అసిస్టెంట్ బీట్ ఆఫీసర్ పోస్టులకు పోటీ పడొచ్చు. 2025లో 691 పోస్టులకు ప్రకటన వచ్చింది. రాత పరీక్ష గట్టెక్కినవాళ్లు చాలామంది నడక పరీక్షను తేలిగ్గా తీసుకుంటారు. నాలుగు గంటల్లో మగవాళ్లు 25, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాలి. నిర్ణీత సబ్జెక్టుల డిగ్రీతో రేంజ్ ఆఫీసర్ పోస్టుకు వెళ్లొచ్చు.

యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు డిగ్రీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనం, భౌతికం, గణితం వంటి సబ్జెక్టుల్లో ఒక్కటైనా ఉండాలి. వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజనీరింగ్ డిగ్రీలూ చెల్లుతాయి. ప్రిలిమ్స్ సివిల్స్‌తో ఉమ్మడిగానే జరుగుతుంది. కాబట్టి గుడివాడ, మచిలీపట్నం కాలేజీల్లో డిగ్రీలో చేరేటప్పుడే సబ్జెక్టులు చూసుకోండి. ఆర్ట్స్ డిగ్రీ పూర్తయ్యాక ఈ నిబంధన తెలిసి బాధపడేవాళ్లున్నారు.

సర్కారు కొలువొక్కటే దారి అనుకోవద్దు. ఉపగ్రహ చిత్రాలు చదివి మడ విస్తీర్ణం లెక్కగట్టడం, తాబేళ్ల గుడ్లను కాపాడటం, పరిశోధన సంస్థల్లో క్షేత్ర సహాయకుడిగా చేరడం కూడా ఉన్నాయి. వీటిలో జీతం మొదట్లో తక్కువే, ఆ సంగతి దాచను. ఏ దారి పట్టినా జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) నేర్చుకోండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 తెలుగులోనైనా పూర్తిగా చదవండి. దివిసీమ పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ప్రకటన వచ్చేదాకా ఆగకుండా రేపటి నుంచే కరకట్ట మీద నడక సాధన మొదలుపెట్టండి.